అమ్మ క్యారేజీ పుట్టింటికి వెళ్ళిన వారం

ఆ రోజుల్లో మా ఛత్తీస్‌గఢ్ ఇంకా కొత్త రాష్ట్రం. దుర్గ్‌లో ఆఫీసుల బోర్డుల మీద పాత పేరు చెరిపేసి కొత్త పేరు రాసినా, రంగు కిందనుంచి పాత అక్షరాలు సిగ్గుసిగ్గుగా తొంగిచూస్తూనే ఉండేవి. తామెవరో అందరూ కొత్తగా చెప్పుకోవలసిన కాలం అది. అలా చెప్పుకోవడం బొత్తిగా రానిదాన్ని భిలాయి మొత్తానికి నేనొక్కదాన్నే అని అప్పట్లో నా గట్టి నమ్మకం. కాలేజీ నుంచి టెంపోలో వచ్చేటప్పుడు మా సెక్టారు మలుపు దగ్గర "రోకో భయ్యా" అనాలి. రెండే మాటలు. ఆ రెండు మాటలకీ నోరు పెగలక, వెనక సీట్లోంచి ఎవరో ఒకరు "రోకో" అనేదాకా కూర్చుని, వాళ్ళు దిగిన చోట నేనూ దిగి, వెనక్కి నడిచి ఇంటికి చేరేదాన్ని. (అందువల్ల మా ఊళ్ళో సెక్టార్లన్నీ నాకు కాలినడకన తెలుసు.) అనవలసినవన్నీ ఇంటికి వచ్చాక డైరీలో అనేదాన్ని. డైరీలో నేను మహా వాగుడుకాయని. లెక్కల పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివేదాన్ని కనుక, మా అమ్మ మాత్రం "మా పిల్లకి లెక్కలంటే ప్రాణం" అని చర్చిలో అందరికీ చెప్పేది.

ఇంజనీరింగులో పర్యావరణం పాఠం చెప్పడానికి ఆ ఏడు ఒక కొత్త లెక్చరర్ వచ్చారు. నాగపూర్ నుంచి వచ్చారు కనుక ఆయన మాకు నాగపూర్ సార్. ఆయన మొదటి రోజే జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టి, దీనికీ మనిషిలాగే ఒక బతుకుంది అన్నారు. ఎక్కడ పుట్టింది, పుట్టడానికి ఎంత బొగ్గు తిని ఎన్ని నీళ్ళు తాగింది, ఎవరింట్లో ఎలా మెసలింది, చివరికి ఏ చెత్తకుప్పలో కన్నుమూసింది, ఇదంతా లెక్క కడితేగాని ఒక వస్తువు భూమికి చేసిన మంచీ చెడ్డా తేలదట. ముగ్గురేసి జట్టు కట్టి, జట్టుకో వస్తువు బతుకు రాసుకురమ్మన్నారు. క్లాసంతా క్షణంలో జట్లు కట్టేసుకుంది. ఎవరూ ఏరుకోకుండా మిగిలినవాళ్ళం ముగ్గురం. గొంతు విని భయపడి అందరూ వదిలేసిన ఛత్తీస్‌గఢీ అమ్మాయి ఒకతె. (మేము ఆమెని కెప్టెన్ అనేవాళ్ళం, ఎన్నుకోకపోయినా.) ఆ సమయానికి నిద్రపోతున్న చరోదా రైల్వే కాలనీ గార్డుగారి అబ్బాయి ఒకడు. నేను క్లాసులో ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడం వల్ల నేను.

ఒకళ్ళు సబ్బు తీసుకున్నారు, ఇంకొకళ్ళు ప్లాస్టిక్ బకెట్టు తీసుకున్నారు. మా కెప్టెన్ బల్ల మీద గుద్ది, "స్టీల్ కా టిఫిన్! అప్‌నే ఘర్ కా మాల్ హై యార్, ఔర్ క్యా చాహియే!" అంది. మన ఇంటి సరుకే కదా, ఇంక వెతకడం దేనికి అని. మాకూ అది నిజమే అనిపించింది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఒక నమ్మకం ఉంటుంది. లోకంలో ఎక్కడ ఏ ఇనప వస్తువు కనిపించినా అది మనదే. ఇంట్లో స్టీలు గ్లాసు చెయ్యి జారి కింద పడితే మా నాన్న తల కూడా తిప్పకుండా, "మన ప్లాంటు స్టీలు! దానికేటవుద్దే?" అనేవాడు. మా నాన్న ప్లాంటులోనే పని చేసేవాడు. క్యాంటీన్‌లో. కొలిమిని ఆయన టీ కెటిల్ పట్టుకుని వెళ్ళే దూరం నుంచి మాత్రమే చూశాడు, కానీ మా ప్రాజెక్టు సంగతి విన్న రాత్రి కంచం ముందు కూర్చుని, నందిని గనుల్లో సున్నపురాయి తవ్వడం దగ్గర్నుంచి ఎర్రటి ఇనుము కాలవలా పారడం దాకా చేతులతో అభినయించి చూపించాడు. ఆ ఆవేశమంతా నేను అందమైన వాక్యాలుగా మార్చి "జననం" అనే అధ్యాయం రాశాను. అందులో సున్నపురాయి మీద ఒక పేరా చదివి కెప్టెన్ కన్నీళ్ళు పెట్టుకుంది.

ఇంక వస్తువు కావాలి. తూచి, కొలిచి, చివరి రోజున సార్ బల్ల మీద పెట్టాలి. కెప్టెన్ ఇంట్లో ఉన్నవి ప్లాస్టిక్ డబ్బాలు. గార్డుగారి క్యారేజీ ఎప్పుడూ ఆయనతో బండి మీదే ఉంటుంది. ఇద్దరూ నా వైపు చూశారు. కాదని చెప్పాలంటే మాట్లాడాలి కనుక తల ఊపాను.

మా అమ్మ క్యారేజీ మామూలు క్యారేజీ కాదు. నాలుగు గిన్నెలది. పెళ్ళయి భిలాయి వచ్చేటప్పుడు విశాఖపట్నంలో, ఎవరినీ అడక్కుండా, తనకి తాను కొనుక్కున్న మొదటి వస్తువు అది. మూత మీద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు, పక్కన చిన్న శిలువ గుర్తు. చర్చిలో ప్రేమవిందు జరిగే ప్రతిసారీ అడుగు గిన్నెలో చేపల పులుసు, పైన అన్నం, ఆపైన కూర, అన్నిటికీ పైన ఏదో ఒక తీపి. అది చేత్తో పట్టుకుని చర్చి మెట్లెక్కేటప్పుడు అమ్మ నడకే మారిపోయేది. అడగ్గా అడగ్గా ఇచ్చింది, వేలు చూపించి మరీ.

"ఆదివారం మన సంఘం వార్షికోత్సవం. నాటికి నా కేరేజీ నా ఇంట్లో ఉండాల. లేదంటే ఆ సార్‌కి చెప్పు, నీ బతుకు కూడా రాసుకోమని."

"ఉంటుందమ్మా."

"గిన్నెలు తూస్తారా, కోస్తారా?"

"తూస్తామంతే."

"ఊఁ. బుర్రలో ఎట్టుకో."

సోమవారం తూచాం. కడగడానికి ఎంత నీరు, ఎంత సబ్బు పడుతుందో చూడాలని మంగళవారం కెప్టెన్ తన ఇంటికి పట్టుకెళ్ళింది. బుధవారం నాగపూర్ సార్ మా "జననం" అధ్యాయం చదివారు. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా వాక్యాలకి కరిగిపోయారని నేను అనుకున్నాను. ఆయన నవ్వు ఆపుకుంటున్నారు. ఇక్కడ తయారయ్యేవి రైలు పట్టాలు, మందపాటి రేకులు, అంతే. మీ పప్పూ పులుసూ మోసే ఈ మెరిసే తుప్పుపట్టని స్టీలు వేరు, దాన్ని చేసే ఊళ్ళు వేరు అని మెల్లగా చెప్పారు. మా ముగ్గురికీ ఒక్కసారిగా తండ్రిని పోగొట్టుకున్నట్టయింది. "హమ్ తో అనాథ్ హో గయే," అంది కెప్టెన్. మా జట్టులోనే కాదు, ఆ మధ్యాహ్నం క్లాసులో భిలాయి పిల్లలందరూ తమ తమ టిఫిన్ డబ్బాలని కొత్తగా, కాస్త పరాయిగా చూసుకున్నారు. రాత్రి మా నాన్నకి చెబితే, చాలాసేపు గ్లాసు కేసి చూసి, "ఆయన నాగపూర్ ఆయన. ఆయనకేటి తెలుసు," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం క్లాసులో సార్ మాత్రం దయగా, "పుట్టుక పోతే పోయింది, దాని బతుకైనా సరిగ్గా రాయండి. సోమవారం వస్తువు నా బల్ల మీద ఉండాలి," అన్నారు. అప్పుడు కెప్టెన్ వైపు చూశాను, వస్తువేదీ అన్నట్టు.

"ఇచ్చేశాగా! నిన్న సాయంత్రమే వీడి చేతికి," అంది హిందీలో, గార్డుగారబ్బాయి వైపు గడ్డం చూపిస్తూ.

జరిగిందేమిటంటే, క్యారేజీ కడిగి ఆరబెట్టాక కెప్టెన్ వాళ్ళమ్మ అడ్డం పడింది. పండగ రోజుల్లో ఇంకొకరింటి గిన్నె ఖాళీగా ఎలా పంపుతాం అని, పోలా పండక్కి చేసిన కారం ఠేఠరీ రెండు గిన్నెల్లో, తీపి ఖుర్మీ రెండు గిన్నెల్లో కుక్కి, దారిలో కలిసిన గార్డుగారబ్బాయి చేతికి ఇప్పించి, మా ఇంట్లో ఇవ్వమంది. అతను చరోదా తీసుకెళ్ళి, వంటగట్టు మీద పెట్టి, పడుకున్నాడు. (అతని జీవితంలో ముఖ్యమైనవన్నీ అతను పడుకున్నప్పుడే జరిగాయి.)

"అయితే ఏమైంది మరి?" అన్నాన్నేను. ఆ వారం కాలేజీలో నేను పూర్తిగా అన్న మొదటి వాక్యం అదే అనుకుంటాను.

"మమ్మీ భేజ్ దియా యార్," అన్నాడతను తల గోక్కుంటూ. "మూత మీద పేరు చదివింది. నందినిలో ఒక ఆంటీ ఉంది, సేమ్ పేరు. మమ్మీ ప్రేయర్ గ్రూపు. ఠేఠరీ, ఖుర్మీ ఆవిడే పంపిందనుకుంది. ఖాళీగా పంపకూడదు కదా, పులిహోర పెట్టి పంపేసింది."

"ఎలా పంపింది?"

"నాన్న దోస్త్ ఒకాయన సున్నపురాయి తెచ్చే గూడ్సు బండి మీద డ్యూటీ. ఖాళీ బండి నందిని వెళ్తుంటే, ఆయన చేతికి."

కెప్టెన్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మా దగ్గర తీజా పండక్కి పెళ్ళయిన ఆడవాళ్ళందరూ పుట్టింటికి వెళతారు, మొగుళ్ళు వంట చేసుకుంటారు. "తీజా హై నా! మాయ్‌కే చలా గయా!" అంది. పండగ కదా, పుట్టింటికి వెళ్ళింది అని. సున్నపురాయి గనుల్లో పుట్టిందని మేము రాసిన క్యారేజీ, అక్కడ పుట్టలేదని తేలిన రోజే అక్కడికి చేరుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు ఆదివారం చర్చి మెట్లూ, వాటి మీద వట్టి చేతులతో ఎక్కే అమ్మా కనిపిస్తున్నారు.

శనివారం ముగ్గురం బస్సెక్కి నందిని వెళ్ళాం. దారంతా నేను చెప్పవలసిన మాటలు మనసులో వరసగా పేర్చుకున్నాను. "అత్తా, పొరపాటున వచ్చింది, అది మా అమ్మది." అంతే. తెలుగు నాకే బాగా వచ్చు కనుక నేనే చెప్పాలని కెప్టెన్ తీర్మానించింది. (గార్డుగారబ్బాయి తెలుగులో సగం హిందీ ఉండటంతో అతన్ని తప్పించారు. నిజానికి ఈ పొరపాటంతా అతని ఇంట్లోనే జరిగింది.) గనుల కాలనీ దాటాక, తెల్లటి రాతిపొడి పట్టిన చెట్ల వెనక ఒక చిన్న పెంకుటిల్లు. గుమ్మంలోనే తళతళా తోమిన మా క్యారేజీ, ఎండలో బోర్లించి ఉంది. అది చూసి నా ప్రాణం లేచివచ్చింది. ఇంట్లోంచి పొట్టిగా గుండ్రంగా ఒక ముసలావిడ వచ్చింది. కాలనీ బడిలో ఆయాగా పని చేసి మానేసిన ఆవిడ. ఇప్పటికీ మా ఇంట్లో ఆవిడని నందినత్త అనే అంటాం.

"ఓలమ్మా, రండర్రా! గార్డుగారి గుంటడివి కదూ నువ్వు? మీ అమ్మ చేసిన మేలు నేను సచ్చినా మర్సిపోను. కూకోండి, కూకోండి. ఇదిగో, దీన్ని సూడండి," అని క్యారేజీని పసిపిల్లలా ఒళ్ళోకి తీసుకుంది. "పెళ్ళయిన కొత్తలో విజీనారం కాడ రైలెక్కినాను. నా పేరు కొట్టించిన కేరేజీ సీటు కింద ఎట్టినాను. కునుకు తీసి లేసేసరికి లేదు! ఎంత ఏడ్సినానో! మా ఆయన, మనిషి పోనట్టు ఏడస్తావేటే అనీవోడు. దేవుడా, నా కేరేజీ నాకు తెచ్చీ అని అడగని దినం లేదమ్మా. ఆయనా ఎల్లిపోనాడు. పిల్లా జెల్లా లేరు. ఇన్నేళ్ళకి ఇదిగో, ఒచ్చీసింది! రైల్లో పోనాది, రైలోళ్ళ సేతే ఒచ్చింది. అదీ ఒట్టిగా ఒచ్చిందేటి? నిండా పులిహోరతోటి! దేవుడు ఖాళీ గిన్నె పంపుతాడేటి?"

కెప్టెన్‌కి తెలుగు రాదు, కానీ ఆవిడ ముఖం చదవడం వచ్చు. మోచేత్తో నన్ను పొడిచి, "బోల్ నా," అంది, కానీ ఆ పొడుపులో ఎప్పటి బలం లేదు.

"దీని మీద ఈ సొట్ట ఒకటి," అంది ఆవిడ మూత నిమురుతూ. "నా కాడ ఉన్నప్పుడు లేదు. ఆ దొంగసచ్చినోడు పడేసుంటాడు."

(ఆ దొంగసచ్చినోణ్ణి నేనే. చిన్నప్పుడు మా క్వార్టరు మెట్ల మీంచి పడేశాను. అమ్మ వీపు మీద ఇచ్చిన రసీదు ఇంకా గుర్తుంది.)

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుని గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచాను. ఆకలితో తెరిచాననుకుంది కాబోలు, నందినత్త అందులో ఒక బూరె పెట్టింది. పూర్ణం బూరె నోట్లో ఉండగా ఏ మనిషీ న్యాయం మాట్లాడలేదు. అది మింగేసరికి ఇంకొకటి వచ్చింది. గార్డుగారబ్బాయి అప్పటికే ఆవిడ ఇంటి బిడ్డయిపోయాడు. మేము లేస్తుంటే ఆవిడ, "రేపు భిలాయిలో సంఘం పండగ కదా? నేనూ ఒస్తాను. దీన్నిండా వొండుకుని ఒస్తాను. అందరి ముందూ సాక్ష్యం సెప్పుకోవాల," అంది. తిరుగు బస్సులో కెప్టెన్, "నేనైనా చెప్పగలిగేదాన్ని కాదు," అంది. ఆమె నోటివెంట అలాంటి మాట విన్నది నేనొక్కదాన్నే.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"కేరేజీ ఏదే?"

"రేపు చర్చికే వచ్చేస్తుందమ్మా."

"వచ్చీడానికి దానికి కాళ్ళున్నాయేటి?"

అమ్మ నా ముఖం చూసింది, ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం తిట్టడం కన్నా ఎక్కువ. మర్నాడు చేపల పులుసు అల్యూమినియం గిన్నెలో పోసి, పైన పళ్ళెం పెట్టి, పాత చీరముక్కతో మూట కట్టి, ఆ మూట ఎవరికీ కనపడకుండా కొంగు కప్పుకుని చర్చి మెట్లెక్కింది. మా నాన్న వెనకాల, ఎవరూ అడగకపోయినా, "స్టీలు కాదులే, ఒట్టి అల్యూమినియం," అని దారిన పోయేవాళ్ళకి చెబుతూ నడిచాడు.

పాటలయ్యాయి, ప్రసంగమయ్యింది. పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవవచ్చునన్నారు. ఆడవాళ్ళ బెంచీల్లో ముందు వరసలోంచి నందినత్త లేచింది, చేతిలో క్యారేజీతో. ఆవిడ ఇంకా నోరు తెరవకముందే అమ్మ దాన్ని గుర్తుపట్టింది. గర్భిణి తన కడుపులో కదలికని గుర్తుపట్టినంత నిశ్చయంగా గుర్తుపట్టింది. మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. నందినత్త విజయనగరం దగ్గర రైలెక్కింది, కునుకు తీసింది, ఏడ్చింది, మొగుణ్ణి పోగొట్టుకుంది. చర్చిలో సగంమంది ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. "పోనాదనుకున్నది ఒచ్చీసింది! స్తోత్రం!" అని ఆవిడ క్యారేజీని పైకెత్తింది. అందరూ "స్తోత్రం!" అన్నారు. అమ్మ చెయ్యెత్తి లేచింది.

నేను అమ్మ ముఖం చూశాను, ఆవిడ ముఖం చూశాను. ఆ వారమంతా క్యారేజీ మా అమ్మకి తిరిగి రావాలని మొక్కుకున్నదాన్ని, ఆ ఒక్క క్షణంలో ఈ ముసలావిడ దాన్ని ఇంతమందిలో రెండోసారి పోగొట్టుకోకుండా ఉండాలని మొక్కుకున్నాను. తర్వాత చూసుకుంటే అమ్మ కన్నా ముందు నేను మాట్లాడుతున్నాను.

"అందరికీ వందనాలు," అన్నాను. గొంతు ఎవరిదో అనిపించింది. పాస్టరుగారు కూడా ఎవరా అని వెతికారు. "నేను... ఆ క్యారేజీ గురించే. మా కాలేజీలో ఒక వస్తువు బతుకు రాయమన్నారు. మేము ఆ క్యారేజీ బతుకు రాశాం. పుట్టుక తప్పు రాశాం. అది మన ప్లాంటులో పుట్టలేదట." (ఇక్కడ మగవాళ్ళ వైపు పెద్ద కలకలం. "ఎవరన్నారు?" అని ఒకాయన లేచాడు. మా నాన్న "నాగపూర్ ఆయన," అన్నాడు.) "బతుకు మాత్రం మేము చూశాం. మా ఫ్రెండింటికి ఖాళీగా వెళ్ళింది, నిండి బయటికొచ్చింది. చరోదా వెళ్ళి మళ్ళీ నిండింది. నందిని వెళ్ళి ఇవాళ మళ్ళీ నిండి వచ్చింది. దాన్ని ఏ ఇంట్లోనూ ఎవరూ ఖాళీగా పంపలేదు. అది..."

అది మా అమ్మది అనే వాక్యం గొంతుదాకా వచ్చి అక్కడ ఆగింది. "వందనాలు," అని కూర్చుండిపోయాను. జాలితో ఆపానని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. కొంత నిజమే. కొంత, నాలిక ఎండిపోవడం.

అమ్మ ఇంకా నిలబడే ఉంది, ఎత్తిన చెయ్యితో. చర్చంతా ఆమెనే చూస్తోంది. పాస్టరుగారు, "చెప్పండమ్మా," అన్నారు. అమ్మ నందినత్తని చూసింది, క్యారేజీని చూసింది, చాలాసేపు చూసింది. "స్తోత్రం," అని కూర్చుంది.

వరండాలో విందు మొదలయ్యింది. నందినత్త క్యారేజీ కొక్కెం తియ్యడానికి అవస్థ పడుతోంది. అది మొదటినుంచీ మొండిది, లాగితే రాదు. కొంగు పెట్టి లాగింది, గార్డుగారి భార్యని పిలిచి లాగించింది. అమ్మ అటువైపు వెళుతూ వెళుతూ ఆగి, అలవాటుగా, ఆలోచించకుండా, కొక్కెం కింద అరచేత్తో ఒక్క చరుపు చరిచి పక్కకి తిప్పింది. టక్కున ఊడి వచ్చింది.

నందినత్త ఆ చేతిని చూసింది. తర్వాత అమ్మ ముఖం చూసింది.

"నీ సెయ్యికి అలవాటున్నట్టుందే, తల్లీ."

"నా కాడా ఇలాటిదే ఉండీది," అంది అమ్మ.

"నీ పేరేటి?"

అమ్మ చెప్పింది. నందినత్త మూత మీది చుక్కల అక్షరాల్ని వేలితో ఒకసారి తడిమింది. ఆవిడ పై గిన్నె తీసి, అందులో ఉన్న బూరెల్లో పెద్దవి ఏరి ఏరి అమ్మ విస్తట్లో పెట్టింది, పెడుతూనే పోయింది. అమ్మ వద్దనలేదు. అల్యూమినియం గిన్నె మూట విప్పి, ఆవిడకి చేపల పులుసు పోసింది, ముక్కలన్నీ ఆవిడకే వేసి. "పులుపు సరిపోనాది," అంది నందినత్త. "చింతపండు మన ఊరిది," అంది అమ్మ. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, విస్తళ్ళు ఖాళీ అయ్యేదాకా ఇంకో మాట లేకుండా తిన్నారు.

సోమవారం నాగపూర్ సార్ బల్ల మీద సబ్బుంది, బకెట్టుంది, మిగతా జట్ల వస్తువులన్నీ ఉన్నాయి. మా చోటు ఖాళీ.

"వస్తువేది?" అన్నారాయన.

ముగ్గురిలో అప్పుడే మెలకువలోకి వచ్చిన గార్డుగారబ్బాయి, "వాడుకలో ఉంది సార్," అన్నాడు, హిందీలో, ఎంతో గౌరవంగా. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మరణం అనే అధ్యాయంలో ఒక్క అక్షరం లేదేమని అడిగితే కెప్టెన్, "మరా నహీఁ హై సర్," అంది. ఇంకా చావలేదు అని. చచ్చాక రాసుకురండి అన్నారాయన. మాకేమీ ఎక్కువ మార్కులు రాలేదు. ఫెయిల్ కాలేదు, అంతే. బకెట్టు జట్టు మొదట వచ్చింది. బకెట్లు బుద్ధిగా చస్తాయి.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం, సున్నపురాయి బండి ఆయన మా గుమ్మంలో క్యారేజీ పెట్టి వెళ్ళాడు. నాలుగు గిన్నెల నిండా బూరెలు. "పెద్దదాన్నయిపోనాను, దీని బరువు మొయ్యలేను, నీ కాడే ఉంచుకో" అని కబురు. అమ్మ బూరెలు డబ్బాల్లోకి తీసి, క్యారేజీ తోమి, తుడిచి, ఒకసారి గూట్లో దాని పాత చోట పెట్టి చూసుకుంది. అంతలోనే మళ్ళీ దించి పొయ్యి వెలిగించింది. "ఉంచేసుకోమన్నారుగా?" అన్నాను. "ఒట్టి కేరేజీ ఉంచుకోమన్నాదే గాని, నిండుగా పంపినదానికి నిండుగా పంపొద్దన్నాదేటి?" అంది. ఆ తర్వాత అది ఏ ఇంట్లోనూ పట్టుమని నెల రోజులు నిలవలేదు. ఎవరిదని ఎవరూ అనలేదు. సొట్టలు మాత్రం పెరిగాయి, ప్రతి సొట్టకీ ఇప్పుడు రెండేసి కథలున్నాయి.

ఆ రోజు చర్చిలో లేచి మాట్లాడిన పిల్ల ఎక్కడికి పోయిందో నాకు తెలీదు. అలాంటివాళ్ళు ఒక్కసారి మాట్లాడాక జీవితమంతా మాట్లాడుతూనే ఉంటారని పుస్తకాల్లో చదివాను. పోయిన నెల అమ్మ క్యారేజీ ఇచ్చి నందిని పంపితే, దిగవలసిన చోట "రోకో" అనడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నోరు రాలేదు. తర్వాతి స్టాపులో ఎవరో దిగుతుంటే దిగి, తెల్లటి రాతిపొడిలో వెనక్కి నడిచాను. చేపల పులుసు వెచ్చగా మోకాలికి తగులుతోంది. దారిలో ఎవరూ లేరు కనుక, "రోకో భయ్యా, రోకో," అని పైకే రెండు సార్లు అనుకున్నాను. ఎంత బాగా వచ్చిందో. నందినత్త గుమ్మంలోనే, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"మళ్ళీ ఇవతల దిగకుండా ముందుకెల్లి దిగినావేటే, గుంటా?"

ఈసారైనా జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ చేతిలో బూరె అప్పటికే సిద్ధంగా ఉంది.